అమీన్‌పూర్ పేరులోని అమీన్



చందానగర్‌లో ముంబై హైవే అంచున పొద్దుగూకే వేళ కాసేపు నిలబడితే "అమీన్‌పూర్, అమీన్‌పూర్, అమీన్‌పూర్!" అని ఆటోవాళ్ల కేకలు వినిపిస్తూనే ఉంటాయి. హైటెక్ సిటీలో డ్యూటీ దిగి ఎంఎంటీఎస్ రైల్లో వచ్చినవాళ్లు, మియాపూర్‌లో మెట్రో దిగి బండి మారినవాళ్లు, కూరగాయల సంచులు చేతపట్టుకున్నవాళ్లు, అందరూ ఆ కేక వినే ఆటో ఎక్కుతారు. వెనక నలుగురు సర్దుకుంటారు, డ్రైవరు పక్కన అర సీటు మీద ఇంకొకరు ఒరుగుతారు. నోళ్లలో రోజూ అంతగా నలిగే ఆ ఊరి పేరులో ఒక మనిషి ఉన్నాడు. తెలుగు సాహిత్య చరిత్రలో ఆయనకు చెరగని చోటు ఉంది. ఆయన పేరు అమీన్ ఖాన్. ఈ పూట ఆ పేరు గురించి మాట్లాడతాను. అది ఎక్కడ పుట్టింది, దాని అర్థం ఏమిటి, మన నేల మీదికి వచ్చి ఏయే వేషాలు కట్టింది, చివరికి ఒక తెలుగు కావ్యంలో ఎలా నిలిచింది అనేది నా మాట.

అమీన్ అరబ్బీ మాట. అరబ్బీలో మాటలు పుట్టే తీరు మన భాషకు పూర్తిగా వేరు. మూడు హల్లులు ఒక ధాతువుగా ఉంటాయి. వాటి మధ్య అచ్చులు మార్చి, ముందో వెనకో ఒక అక్షరం చేర్చి, ఒకే ధాతువు నుంచి డజన్ల మాటలు తీస్తారు. అమీన్‌కు మూలమైన హల్లులు అలిఫ్, మీమ్, నూన్. ఈ మూడూ కలిసిన చోట భయం లేకపోవడం, గుండె నిబ్బరం, భద్రత అనే భావం ఉంటుంది. వీటిని ఒక మూసలో పోస్తే అమీన్ వస్తుంది. ఆ మూస మనకు బాగా తెలిసినదే. కరీం, రహీం, సలీం, రషీద్, హబీబ్, నసీర్, అన్నీ అందులోంచి వచ్చిన పేర్లే. చందానగర్‌కు ఒక పక్కనున్న హఫీజ్‌పేట్‌లోని హఫీజ్ కూడా అంతే. కాపాడేవాడు అని దాని అర్థం. రైల్లో హఫీజ్‌పేట్ దాటి చందానగర్‌లో దిగి అమీన్‌పూర్ ఆటో ఎక్కే మనిషి ఒకే మూసలో పోసిన రెండు అరబ్బీ పేర్ల మధ్య ప్రయాణం చేస్తున్నాడన్న మాట.

అమీన్ అంటే నమ్మకస్తుడు అని నిఘంటువులు చెబుతాయి. అది నిజమే కానీ దానికి ఇంకా లోతు ఉంది. ఎవరి దగ్గర ఏదైనా దాచి మనం నిశ్చింతగా నిద్రపోగలమో ఆ మనిషి అమీన్. అప్పగించిన వస్తువు అమానత్. పెద్ద రైల్వే స్టేషన్లలో సామాన్లు దాచుకునే గది బోర్డు మీద హిందీలో 'అమానతీ సామాన్ ఘర్' అని ఉంటుంది, ఈసారి చూడండి. మనం పెట్టె ఇచ్చి రసీదు తీసుకుని బయటికి నడుస్తాం. తిరిగొచ్చేసరికి పెట్టె పెట్టినట్టే ఉండాలి. ఈ ఏర్పాటు మొత్తం అమీన్ అనే మాటలో ఉంది. ఈమాన్ అంటే విశ్వాసం, మోమిన్ అంటే విశ్వాసి, అమన్ అంటే శాంతి. అన్నీ ఒకే కుదురు. చర్చిలో ప్రార్థన ముగిశాక 'ఆమేన్' అంటారు, మసీదులో 'ఆమీన్' అంటారు. ఆ మాటకు హీబ్రూలో ఉన్న ధాతువూ ఇవే మూడు హల్లులు. అరబ్బీ, హీబ్రూ ఒకే భాషా కుటుంబానికి చెందిన అక్కచెల్లెళ్లు. అయితే ఒక జాగ్రత్త. పేరు పెట్టేటప్పుడు మొదటి అక్షరం పొట్టిగా అమీన్ అనాలి. దీర్ఘం తీసి ఆమీన్ అంటే అది పేరు కాదు, తథాస్తు. ఆడపిల్లలకు అమీనా అని పెడితే నమ్మకమైనది అని అర్థం. మహమ్మద్ ప్రవక్త తల్లి పేరు ఆమినా. అక్కడ మాత్రం దీర్ఘం మొదట్లోనే ఉంది, ధాతువు అదే.

ఈ పేరు ఇస్లామీయ లోకంలో ఇంతగా పాకడానికి ప్రవక్త జీవితమే కారణం. ఆయన ప్రవక్త అని ఎవరూ అనుకోకముందే, వర్తకుడిగా ఉన్న రోజుల్లోనే, మక్కా జనం ఆయన్ను అల్ అమీన్ అని పిలిచేవారని సంప్రదాయం చెబుతుంది. ఒక సంఘటన అందరూ చెప్పుకుంటారు. మక్కాలోని ప్రార్థనా మందిరం కాబా గోడలు పాతబడితే ఖురైష్ తెగవాళ్లు కొత్తగా కట్టుకుంటూ వచ్చారు. నల్లరాయిని తిరిగి దాని చోట పెట్టే ఘట్టం వచ్చేసరికి, ఆ గౌరవం మాకంటే మాకని వంశాల మధ్య పోట్లాట మొదలైంది. కత్తులు దూసే దాకా పోయింది. చివరికి, ఈ ద్వారంలోంచి ఇప్పుడు ఎవరు ముందుగా వస్తే వాళ్లు చెప్పినట్టు చేద్దాం అని ఒక పెద్దమనిషి తీర్మానించాడు. వచ్చినవాడు మహమ్మద్. అప్పటికి ఆయన వయసు 35. ఇతడు అల్ అమీన్, ఇతని మాట మాకు సమ్మతమే అన్నారు అందరూ. ఆయన ఒక వస్త్రం పరిపించి, రాయిని దాని మీద పెట్టి, ఒక్కో వంశం వాళ్లనూ తలొక అంచు పట్టి లేపమన్నాడు. చోటికి చేరాక తన చేత్తో రాయిని అమర్చాడు. గొడవ సద్దుమణిగింది.

నా మనసుకు ఇంతకంటే దగ్గరైనది మరొకటి ఉంది. 622లో ఆయన మక్కా వదిలి మదీనా వెళ్లిపోవాల్సి వచ్చింది. ప్రాణం తీయాలని శత్రువులు కాపు కాశారు. అలాంటి రాత్రి కూడా ఆయన ఇంట్లో ఊరివాళ్ల అమానతులు ఉన్నాయి. డబ్బూ నగలూ దాచుకున్నవాళ్లలో ఆయన బోధను ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. మతం నచ్చలేదు కానీ సొమ్ము దాచుకోవడానికి మాత్రం ఆ ఇల్లే కావాలి! ఆయన వాటిని వెంట తీసుకుపోలేదు. దగ్గరి బంధువు అలీని వెనక ఉంచి, ఎవరిది వాళ్లకు అప్పగించి రమ్మన్నాడు. అలీ అందరివీ ముట్టజెప్పాకే బయలుదేరాడని చరిత్రకారులు రాశారు. బిరుదులు చాలామందికి వస్తాయి. ప్రత్యర్థి తన మూట తెచ్చి చేతిలో పెట్టడం వేరు.

ఖురాన్‌లో ఈ మాట ఎక్కడెక్కడ వస్తుందో చూస్తే ఇంకా తేటపడుతుంది. 26వ అధ్యాయంలో నూహ్, హూద్, సాలిహ్, లూత్, షుఐబ్ అనే ఐదుగురు ప్రవక్తలూ తమ తమ ప్రజల ముందు నిలబడి తమను పరిచయం చేసుకునేటప్పుడు ఈ మాటే వాడతారు. దైవవాణిని మోసుకొచ్చే జిబ్రయీల్ దూతకూ ఇదే విశేషణం, ఎందుకంటే తనకు అప్పగించిన సందేశాన్ని ఆయన మార్చకుండా చేరుస్తాడు. ఇక 28వ అధ్యాయంలో మూసా కథ వస్తుంది. బైబిల్ చదివినవారికి ఆయన మోషే. పరదేశంలో బావి దగ్గర ఇద్దరు అక్కచెల్లెళ్ల గొర్రెలకు ఆయన నీళ్లు పెట్టిస్తాడు. వాళ్లలో ఒక అమ్మాయి ఇంటికెళ్లి తండ్రితో, ఇతన్ని పనిలో పెట్టుకో నాన్నా, బలమూ ఉంది నమ్మకమూ ఉంది, జీతానికి పెట్టుకోవడానికి ఇంతకంటే మంచి మనిషి దొరకడు అన్న అర్థం వచ్చేలా చెబుతుంది. సామర్థ్యం ఒక్కటే చాలదు, నమ్మకం కూడా కావాలని ఒక పశువుల కాపరి కూతురు పెట్టిన షరతు అది. మన దగ్గరా ఇదే షరతు. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ 1998లో తెరుచుకున్నప్పటి నుంచి ఈ కారిడార్‌లో జరుగుతున్న పనిలో ఎక్కువ భాగం పరాయి వాళ్ల అమానతులను చూసుకోవడమే. ఎక్కడో ఉన్న బ్యాంకు ఖాతాలు, ఆసుపత్రి రికార్డులు, బీమా కాగితాలు ఇక్కడి మన పిల్లల చేతుల్లో ఉంటాయి. వాళ్లు ముఖం కూడా చూడని మనుషులవి అవి. ఆ పిల్లల పని మీద నాకు గౌరవం ఉంది.

పేరు పెట్టినంత మాత్రాన గుణం రాదని బాగ్దాద్ చరిత్ర చెబుతుంది. వెయ్యిన్నొక్క రాత్రుల కథల్లో కనిపించే ఖలీఫా హారూన్ అల్ రషీద్ కొడుకుల్లో ఒకరి బిరుదు అమీన్, మరొకరిది మామూన్. రెండూ ఈ ధాతువువే. మామూన్ అంటే నమ్మదగినవాడు. గద్దె కోసం అన్నదమ్ములు కొట్టుకోకూడదని తండ్రి 802లో ఇద్దరిచేతా మక్కాలో ప్రమాణాలు చేయించి, ఆ పత్రాలను కాబాలో ఉంచాడు. 809లో తండ్రి పోయాడు. అమీన్ ఖలీఫా అయ్యాక ఒప్పందాన్ని తుంగలో తొక్కాడు. అంతర్యుద్ధం వచ్చింది. 813లో అమీన్ హతుడయ్యాడు, మామూన్ గద్దెనెక్కాడు.

అరబ్బీ నేల దాటి ఈ పేరు చాలా దూరం వెళ్లింది. తుర్కీలో ఎమిన్ అయింది. పశ్చిమ ఆఫ్రికాలో 'అల్ అమీన్'లోని లకారం పేరుకు అతుక్కుపోయి లమీన్ అయింది. ఫుట్‌బాల్ చూసే పిల్లలకు స్పెయిన్ కుర్రాడు లమీన్ యమాల్ తెలుసు కదా, ఆ లమీన్ ఇదే. నైజీరియాలో హౌసా భాషవాళ్లు అమీను అంటారు, అచ్చం మన పల్లెల్లో పలికినట్టే. అరబ్బీ పేరు కాబట్టి ముస్లింలకే చెందుతుందని అనుకోనక్కర్లేదు. ఫ్రెంచిలో నవలలు రాసి 1993లో గోంకూర్ బహుమతి అందుకున్న అమీన్ మాలూఫ్ లెబనాన్ క్రైస్తవ కుటుంబంలో పుట్టాడు. గుజరాత్‌లో పటేళ్లలో కొన్ని కుటుంబాల ఇంటిపేరు అమీన్. మన కడపలో పెద్ద దర్గాను జనం అమీన్‌పీర్ దర్గా అంటారు. ఏ.ఆర్. రెహమాన్ ఏళ్ల తరబడి వస్తున్న చోటు, హిందువులూ ముస్లింలూ కలిసి మొక్కుకునే చోటు. ఇక రేడియోలో కూర్చుని ఈ పేరు చెబుతూ అమీన్ సయానీని తలచుకోకుండా ఎలా ఉంటాను? 1952లో రేడియో సిలోన్‌లో బినాకా గీత్‌మాలా మొదలుపెట్టి, 2024 ఫిబ్రవరిలో కన్నుమూసే నాటికి, ఈ దేశంలో రేడియో అంటే ఆ గొంతే అన్నంత పేరు తెచ్చుకున్నారు. మనిషిని చూడకుండా గొంతును నమ్మడం మన తాతల తరానికి ఆయనే నేర్పారు.

మన ప్రాంతంలో అమీన్ మనిషి పేరుగా ఎంత వినిపించిందో, ఉద్యోగం పేరుగా అంతకంటే ఎక్కువ వినిపించింది. రాజు సొమ్మును, రాజు అధికారాన్ని నమ్మి అప్పగించిన మనిషి కాబట్టి ఉద్యోగిని అమీన్ అన్నారు. మొగలాయీల కాలంలో శిస్తు లెక్కగట్టే అధికారి అమీన్. బ్రిటిష్ వారి కోర్టుల్లో దేశీయులకు ఇచ్చిన ఒక న్యాయాధికారి పదవి సదర్ అమీన్. అలీగఢ్ విద్యాసంస్థను స్థాపించిన సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1857 నాటికి బిజ్నోర్‌లో సదర్ అమీన్‌గానే ఉన్నారు. కౌలుకు గుత్తేదారులకు ఇవ్వకుండా సర్కారే నేరుగా చూసుకునే భూమిని అమానీ అన్నారు. రెవెన్యూ కాగితాల్లో ఆ మాట ఇంకా బతికే ఉంది.

నిజాం రాజ్యంలో ఠాణా మీద ఉండే పోలీసు అధికారి హోదా పేరు కూడా అమీన్. తెలంగాణలో ఆ కాలం చూసిన ముసలివాళ్ల దగ్గర కూర్చుంటే ఈ పేరు ఎలా పలికేవారో తెలుస్తుంది. "అమీన్ సాబ్ వస్తుండు" అంటే ఊరు ఊరంతా సర్దుకునేది. పటేలు గడీ ముందు కుర్చీ వేయించేవాడు. కోళ్లు ఎవరింట్లోంచి వస్తాయో, గుర్రానికి గడ్డి ఎవరు వేస్తారో, వెట్టికి ఎవరు కదులుతారో ముందే ఖరారయ్యేది. ఆయన వచ్చి పోయేదాకా పిల్లలు బజారులోకి రావద్దు. ఇక కోర్టు అమీనా సంగతి అందరికీ తెలిసిందే. బాకీ తీర్చలేని ఇంటికి డిక్రీ కాగితంతో వచ్చి, బిందెలూ మంచాలూ ఎడ్లూ జాబితా రాసి జప్తు చేసేవాడు. ఇంటి ఆడవాళ్లు వాకిట్లో నిలబడి ఏడుస్తుంటే చుట్టూ ఊరంతా చేరేది. అమీనా వచ్చాడనిపించుకోవడం కంటే చావు మేలు అనుకునేవారు. జప్తు చేసిన వస్తువును కోర్టు తరఫున భద్రంగా పెట్టవలసిన బాధ్యత ఉంది కాబట్టి ఆ ఉద్యోగానికి ఆ పేరు. కానీ బాకీపడిన రైతు కంటికి ఆ భద్రత ఎక్కడ కనిపిస్తుంది? నిర్భయం అని అర్థం వచ్చే ధాతువులోంచి పుట్టిన మాట, తెలుగు పల్లెలో భయానికి గుర్తుగా మారింది. ఆ మార్పులో మాట తప్పేమీ లేదు. రైతు మీద అధికారం ఎలా నడిచిందో ఆ మాట నమోదు చేసింది, అంతే.

అందుకే నాకు అమీన్ ఖాన్ ముఖ్యంగా కనిపిస్తాడు. ఈ పేరుకు మన నేల మీద అంతకంటే ముందే, అంతకంటే మంచి చరిత్ర ఒకటి ఉంది. అదీ మనకు కూతవేటు దూరంలో.

గోల్కొండను 1550 నుంచి 1580 వరకు ఇబ్రహీం కుతుబ్‌షా ఏలాడు. రాజు కాకముందు అన్నతో ప్రాణభయం ఉండి, విజయనగరంలో అళియ రామరాయల దగ్గర ఏడేళ్లు తలదాచుకున్నాడు. తెలుగు మీద మమకారం అక్కడే పెరిగింది. తర్వాత 1565 యుద్ధంలో అదే రామరాయల మీద కత్తి పట్టిన సుల్తానుల్లో తానూ ఒకడు. ఇది చేదు నిజం, దాన్ని పక్కన పెట్టలేం. కానీ తెలుగు కవులను ఆదరించడం మాత్రం ఆయన మానలేదు. అద్దంకి గంగాధరకవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. తెలుగు కవులకు ఆయన మల్కిభరాముడు. మలిక్ ఇబ్రహీం అనే రెండు మాటలు మన నాలుక మీద కరిగి, చివరికి రాముడితో ముగిసే పేరయ్యాయి.

ఆ ఇబ్రహీం కొలువులో అధికారి అమీన్ ఖాన్. పటాన్‌చెరు ఆయన ఉనికిపట్టు. అప్పట్లో దాన్ని పొట్లచెరువు అనేవారు. చందానగర్ నుంచి అదే హైవే పట్టుకుని, బీహెచ్ఈఎల్ దాటి, రామచంద్రాపురం దాటితే వచ్చేది పటాన్‌చెరు. అక్కడే పొన్నిగంటి తెలగనార్యుడు అనే కవి ఉండేవాడు. ఆయన యయాతి చరిత్రము రాసి అమీన్ ఖాన్‌కు అంకితమిచ్చాడు. తెలుగులో మొదటి అచ్చతెలుగు కావ్యం అదే. అచ్చతెలుగు అంటే ఏమిటో కొంచెం చెప్పాలి. మన పద్యకావ్యాల్లో సంస్కృతం ఎంత దట్టంగా ఉంటుందో మీకు తెలుసు. సమాసం మొదలైతే పాదం చివరిదాకా సాగుతుంది, విభక్తి ప్రత్యయం ఒక్కటే తెలుగు. అచ్చతెలుగు కవి ఆ తత్సమాలను మొత్తంగా వదిలేస్తాడు. పుట్టు తెలుగు మాటలు, తెలుగు నోట్లో నలిగి రూపు మారిన తద్భవాలు, ఇవి రెండే ఆయన పెట్టుబడి. పద్యానికి అలవాటైన పదాలన్నీ తలుపు బయట నిలబడి ఉంటాయి, ప్రాసా యతీ గణాలూ మాత్రం ఏమీ సడలవు. విడిగా ఒకటి రెండు పద్యాలు అలా రాయడం వేరు. ఒక పౌరాణిక కథను మొదటి నుంచి చివరి వరకు అలా నడపడం అంతకు ముందు ఎవరూ చేయలేదు. తర్వాత కూచిమంచి తిమ్మకవి అచ్చతెలుగు రామాయణం రాసేసరికి 18వ శతాబ్దం వచ్చింది.

సంస్కృత పదాన్ని కూడా గడప దాటనివ్వని కావ్యానికి కృతిపతి, అంటే అంకితం అందుకున్నవాడి, పేరు అరబ్బీ! మన వ్యాకరణ సంప్రదాయం ఇలాంటి మాటలను అన్యదేశ్యాలంటుంది. కృతిపతి పేరును కవి దాచుకోలేడు. ఏ కావ్యంలోనైనా షష్ఠ్యంతాల్లో ఆయన్ను పొగడాలి, ప్రతి ఆశ్వాసం మొదట్లోనూ చివర్లోనూ సంబోధించాలి. కాబట్టి తెలగనార్యుడు ఆ పేరును తెలుగు చేసుకున్నాడు. హల్లుతో ఆగిపోయే అమీన్‌కు ఉకారం చేర్చితే అమీను. ఖాన్‌కు డు ప్రత్యయం తగిలిస్తే ఖానుడు. అమీనుఖానుడు అనగానే రాముడు, భీముడు వరసలో కూర్చున్నాడు. ఛందస్సు తెలిసినవారి కోసం ఇంకో మాట. అ లఘువు, మీ గురువు, ను లఘువు. అంటే అమీను అనే పేరు జగణం. కందపద్యంలో బేసి గణాల స్థానంలో జగణం రాకూడదు. ఈ పేరును కందంలో పెట్టాలంటే కవి చోటు చూసుకుని పెట్టాలి. ఎక్కడి అరేబియా ఎడారి, ఎక్కడి తెలుగు కందం! ఒక మనిషి పేరు కోసం కవి కూర్చుని గణాలు వేసుకున్నాడంటే ఆ మనిషిని ఎంత సొంతం చేసుకున్నాడో చూడండి.

అచ్చతెలుగే ఎందుకు ఎంచుకున్నాడు? నేను అనుకునేది ఇది. కావ్యం వినేది అమీన్ ఖాన్. ఆయనకు ఇంట్లో ఫారసీ, దఖ్ఖనీ ఉండి ఉంటాయి. బజారులో, కచేరీలో, చెరువు గట్టున రైతులతో మాట్లాడేటప్పుడు చెవిన పడేది తెలుగు. అలాంటి మనిషికి సంస్కృత సమాసం అడ్డు, ఊరి తెలుగు దారి. సంస్కృత పండితుల సభ మెప్పుకంటే ఎదురుగా కూర్చున్న ఈ శ్రోత చెవిని కవి ముందుగా చూసుకున్నాడు. దాని వల్ల తెలుగుకు ఒక కొత్త కావ్యమార్గం దొరికింది. ఆ మార్గానికి కృతిపతిగా నిలవడం చిన్న విషయం కాదు. పొగడ్త కావాలంటే సంస్కృతంతో ధగధగలాడే ప్రబంధం రాయించుకోవచ్చు, ఆ రోజుల్లో అదే మర్యాద. ఎవరూ నడవని దారిలో వచ్చిన పుస్తకానికి ఆయన చేయి చాచాడు.

ఇక కథ. యయాతి చరిత్ర మహాభారతం ఆదిపర్వంలోది, నన్నయ చెప్పినదే. యయాతికి శుక్రాచార్యుడి కూతురు దేవయాని భార్య. రాక్షసరాజు వృషపర్వుడి కూతురు శర్మిష్ఠను రహస్యంగా చేపట్టాడు. సంగతి బయటపడితే మామగారు శపించాడు. నిండు యవ్వనంలో ముసలితనం మీద పడింది. ఎవరైనా తమ యవ్వనం ఇచ్చి ఈ ముదిమి తీసుకుంటే మార్చుకోవచ్చని శుక్రుడు దారి చూపించాడు. యయాతి కొడుకులను ఒక్కొక్కరినీ అడిగాడు. యదువు ఒప్పుకోలేదు. తుర్వసువు, ద్రుహ్యుడు, అనువు, వాళ్లూ ఒప్పుకోలేదు. అందరిలోకీ చిన్నవాడు పూరువు తన పడుచుదనాన్ని తండ్రికిచ్చి తండ్రి ముసలితనాన్ని తలకెత్తుకున్నాడు. వెయ్యేళ్లు గడిచాయి. యయాతికి కోరిక తీరలేదు, తీరదని మాత్రం తెలిసింది. అప్పుడు కొడుకును పిలిచి అతని యవ్వనం అతనికి తిరిగి ఇచ్చేశాడు. తన ముసలితనం తాను తీసుకుని, రాజ్యం అప్పగించి అడవికి పోయాడు.

ఈ కథను కోరికలకు అంతులేదనే నీతి కోసం చెప్పుకుంటారు. అమీన్ ఖాన్ పేరు మనసులో పెట్టుకుని చదివితే నాకు మరొకటి కనిపిస్తుంది. కొడుకు యవ్వనం తండ్రి దగ్గర అమానత్. కొడుకుకు సాక్షి లేడు, పత్రం లేదు. వెయ్యేళ్లు వాడుకున్నవాడు ఇంకో వెయ్యేళ్లు అట్టే పెట్టుకుంటే అడ్డుపడేవాళ్లూ లేరు. అయినా తిరిగి ఇచ్చాడు. యయాతి చేసిన తప్పులు ఎన్ని ఉన్నా, చివర్లో చేసిన ఈ ఒక్క పనితో అతను నిలబడతాడు. తెలగనార్యుడు ఇది ఆలోచించే ఈ కథను ఈ కృతిపతికి ఇచ్చాడని నేను అనను. కానీ అమీన్ అన్న పేరున్న మనిషి ముందు ఈ కథ వినిపిస్తూ, యవ్వనం తిరిగి ఇచ్చే పద్యాల దగ్గరికి వచ్చేసరికి, కవి గొంతు ఎలా ఉండి ఉంటుందా అని చాలాసార్లు అనుకున్నాను.

అమీన్ ఖాన్ పేరు మీద వెలసినదే అమీన్‌పూర్. ఊరితో పాటు పెద్ద చెరువు. 2016లో ఆ చెరువును జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. మన దేశంలో నగరం అంచున ఉన్న ఒక చెరువుకు అలాంటి గుర్తింపు రావడం గొప్ప సంగతి. చలికాలంలో అక్కడికి వలస పక్షులు దిగుతాయి. పెద్ద కెమెరాలు మెడలో వేసుకుని తెల్లవారకముందే కుర్రాళ్లు గట్టు మీద కూర్చుని ఉంటారు. రాజహంసల కోసం, ఎర్రకాళ్ల కొంగల కోసం వాళ్లు గంటలు గంటలు కదలకుండా చూస్తారు. వాళ్ల వెనకాల, గట్టు దిగువన, ఇటుకలు దింపే లారీలు వరసగా నిలబడి ఉంటాయి. 2018లో ఊరు మున్సిపాలిటీ అయింది. చందానగర్‌లో అద్దె భరించలేని ఐటీ కుటుంబాలు, బీహెచ్ఈఎల్‌లో రిటైరైనవాళ్లు, ఆంధ్ర జిల్లాల నుంచీ పాలమూరు నుంచీ వచ్చినవాళ్లు అక్కడ ప్లాట్లు కొన్నారు. జీవితకాలపు సంపాదన ఒక రిజిస్ట్రేషన్ కాగితంలో పెట్టి ఇంటికి తీసుకుపోయినవాళ్లు వీళ్లు. 2024లో హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ వచ్చి ఆ మండలంలో ప్రభుత్వ భూమిలో కట్టారని కొన్ని కట్టడాలు కూల్చింది. అమ్మినవాడి మాట నమ్మి, లేఅవుట్ కాగితం నమ్మి కొన్నవాళ్లు అప్పుడు రోడ్డు మీద నిలబడ్డారు. ప్రభుత్వ భూమైనా, చెరువు నీరు నిలిచే శిఖం భూమైనా ఊరుమ్మడి అమానత్. దాన్ని ముక్కలు చేసి అమ్ముకున్నవాళ్లు చెరువునూ మోసం చేశారు, కొన్నవాళ్లనూ మోసం చేశారు. నమ్మకస్తుడు అని అర్థం వచ్చే పేరున్న ఊళ్లో ఇలా జరగడం నన్ను బాధపెడుతుంది.

ఆ చెరువు గట్టు మీద పక్షుల బొమ్మలతో బోర్డులున్నాయి, అవి ఉండాలి. వాటి పక్కన ఇంకొక బోర్డు కావాలని నా కోరిక. అందులో అమీన్ ఖాన్ పేరుతో పాటు పొన్నిగంటి తెలగనార్యుడి పేరు ఉండాలి. తెలుగులో మొదటి అచ్చతెలుగు కావ్యం ఈ చుట్టుపక్కలే పుట్టిందని, దాన్ని అందుకున్న మనిషి పేరే ఈ ఊరి పేరని నాలుగు ముక్కల్లో, వీలైతే అచ్చతెలుగులోనే రాయాలి. అమీన్‌పూర్, చందానగర్, పటాన్‌చెరు బడుల్లో తెలుగు పంతుళ్లు ఏడాదికి ఒక్క పూట యయాతి చరిత్రలోంచి పది పద్యాలు పిల్లలచేత చదివించాలి. పది పద్యాలు చాలు. పూరువు కథ వచ్చే చోటు ఎంచుకుంటే మరీ మంచిది. పుస్తకం ప్రతులు దొరకడం కష్టంగానే ఉంది కాబట్టి సాహిత్య అకాడమీయో విశ్వవిద్యాలయమో చదువుకోవడానికి వీలైన టీకాతో మళ్లీ అచ్చు వేయాలి. ఈ ప్రాంతంలో ఇంత పెద్ద కంపెనీలున్నాయి, ఇంతమంది చదువుకున్నవాళ్లున్నారు, ఒక్క పుస్తకానికి అయ్యే ఖర్చు వీళ్లకు లెక్కలోనిది కాదు. ఈ ప్రసంగం వింటున్నవారిలో ఆ పని చేయగలిగినవారు ఎవరైనా ఉంటే, దయచేసి మొదలుపెట్టండి.